నిజమా, వాక్యమా

మెట్ల మీద అట్టపెట్టెలు మళ్లీ పెరిగాయి. శనివారం సాయంత్రం దిగి వెళ్లేటప్పుడు ఒక పక్కనే ఉన్నాయి. సోమవారం వచ్చి చూస్తే రెండు గోడలకీ ఆనుకుని ఛాతీ ఎత్తున లేచాయి. మధ్యలో మిగిలిన దారిలో ఎక్కాలంటే టిఫిన్ సంచీ ముందుకు పట్టుకుని, ఒంటిని పక్కకు తిప్పి, ఒక్కో మెట్టూ తడుముకోవాలి. దీవెన కింద మెట్టు మీద ఆగింది. చేతిలో సంచీ గోడవారగా పెట్టి, పెట్టెల్ని ఒక్కొక్కటిగా ఎడమ గోడకి జరపడం మొదలుపెట్టింది.

"కదులు తల్లీ, కదులు. రోజూ పొద్దున్నే నీకిదే పూజైపోయింది," అంది వెనక నుంచి మణెమ్మ.

"ఒక్క నిమిషం అక్కా. ఇది కొంచెం జరిగితే ఇద్దరం పట్టే దారవుద్ది."

"సాయంత్రానికి ఆ కూలీ లాజరు మళ్లీ పేరుస్తాడు. నీ ఓపిక్కి దండం."

దసరా ముందు గవర్నర్‌పేటలో ఏ హోల్‌సేల్ షాపు చూసినా ఇంతే. గాజులు, రిబ్బన్లు, జడ క్లిప్పులు, బొట్టుబిళ్లలు లారీల మీద దిగుతాయి. గుడివాడ నుంచి, పామర్రు నుంచి, అవనిగడ్డ నుంచి చిన్న కొట్లవాళ్లు వచ్చి మోసుకుపోతారు. రామకోటేశ్వరరావుగారి ఫ్యాన్సీ షాపులో కింద అమ్మకం, పైన ప్యాకింగు. పై గదిలో ఆడవాళ్లు కింద చాపలు పరుచుకుని కూర్చుని, రోజంతా గాజులు డజన్లుగా దారంతో కడతారు, పెట్టెల్లో సర్దుతారు, టేపు వేస్తారు. ఆ గదికి ఒకటే కిటికీ. దానికి ఊచలు. ఊచలకి అవతల పక్క భవనం గోడ. వెనకవైపు ఇనప తలుపు ఒకటి ఉంది. అది తీస్తే బయట ఇనప మెట్లు, ఆ మెట్లు దిగితే సందు, సందులో కుళాయి, బాత్రూము. మధ్యాహ్నం అన్నాలు తినేది కూడా ఆ మెట్ల మీదే. ఏలూరు కాలవ మీదుగా వచ్చే గాలి అక్కడొక్కటే తగులుతుంది.

ఆ రోజు దీవెన పైకి వెళ్లేసరికి వెనక తలుపుకు బయటనుంచి తాళం పడి ఉంది.

ముందు గొళ్లెం బిగుసుకుందనుకుంది. భుజంతో తోసింది. తలుపు అంగుళం కదిలి, అవతల ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడైంది.

"తొయ్యమాక," అంది సంపూర్ణమ్మ. ఆ గదికి పెద్ద ఆవిడే. దారం కండెలన్నీ ఆవిడ దగ్గరుంటాయి, ఎవరెక్కడ కూర్చోవాలో ఆవిడే చెబుతుంది. "చిన్న సారు వేయించాడు. శనివారం క్లిప్పుల పెట్టె ఒకటి కనపళ్లేదంట. వెనక మెట్ల మీద నుంచే పోయిందంటున్నారు."

"మరి మనం బయటికెట్టా పోవాలి పిన్నీ?"

"ముందునుంచే. షాపులోంచి."

"బాత్రూముకి కూడానా?"

"కొనేవాళ్ల మధ్యలోంచే పోవాలి. ఏం చేస్తాం, సీజను."

దీవెన గది చుట్టూ చూసింది. నేల మీద అట్ట ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, టేపు చుట్టలు. మెట్ల కింద కరెంటు బోర్డు. ఫ్యానులన్నీ వేస్తే అది తేనెపట్టులా రొద పెడుతుంది. ముందు మెట్ల మీద పెట్టెలు. వెనక తాళం. దీవెనకి ఒక్కసారిగా కూతురు కీర్తన కళ్లముందు కనిపించింది. స్కూలు నుంచి వచ్చి, గడప దగ్గర బ్యాగు పడేసి, జడ ఊడిపోయి, అమ్మ ఇంకా రాలేదేమిటని వీధి చివరికి చూస్తూ నిలబడ్డ కీర్తన. ఇలాంటి బొమ్మలు దీవెనకి కొత్త కాదు. గ్యాసు బండ మార్చినా, పాప ఆటోలో చివర కూర్చున్నా, భర్త యేసుబాబు ట్రాలీ ఆటో వేసుకుని వానలో కరకట్ట మీద వెళ్లినా కళ్లముందు అన్నీ జరిగిపోతాయి. అందుకే ఇంట్లోనూ, ఇక్కడా పిరికిదని నవ్వుతారు.

"తాళం తీయమని అడుగుదాం పిన్నీ. ఏదన్నా అయితే ఇంతమందిమి ఎట్టా దిగుతాం?"

సంపూర్ణమ్మ దారం పంటితో తెంపి, గొంతు తగ్గించింది. "పిచ్చిదానా. పెట్టె పోయిందని వాళ్లంటున్నప్పుడు ఆ తలుపే తీయమని ఎవరడిగితే వాళ్లనే కదా అనుమానిస్తారు? నోరు మూసుకుని గాజులు కట్టు."

దీవెన చాప మీద కూర్చుంది. డజను గాజులు వేళ్లకి ఎక్కించి చెవి దగ్గర ఆడించింది. విరిగింది ఒక్కటున్నా మోత మారిపోతుంది. మోత బాగానే ఉంది. దారం రెండు చుట్లు తిప్పి ముడేసింది. రోజూ ఇట్టే పడే ముడి ఆ పూట రెండుసార్లు జారింది.

*

మంగళవారం మధ్యాహ్నం దీవెనే అడిగింది.

బాత్రూముకని కిందికి దిగి, కొనుగోలుదారుల భుజాల మధ్య నుంచి తప్పుకుంటూ, క్యాషు బల్ల దగ్గర ఆగింది. రామకోటేశ్వరరావుగారి కొడుకు పవన్‌కుమార్ కంప్యూటర్లో బిల్లు కొడుతున్నాడు. హైదరాబాదులో చదివి వచ్చిన కుర్రాడు. ఎవర్నీ కసురుకోడు. 'ఏంటమ్మా' అనే పలకరిస్తాడు.

"సారూ, పైన వెనక తలుపండీ... తాళం తీయిస్తే బాగుంటుందండీ. మెట్లమీద పెట్టెలున్నయ్యి కదండీ. ఏదన్నా అయితే దిగలేమండీ."

"ఏం అవుద్ది దీవెనా?"

"ఏదన్నా అండీ. కరెంటు బోర్డది..."

ఆయన బిల్లు చింపి కొనే ఆయన చేతికిచ్చాడు. "చూడమ్మా, తలుపు తీస్తే సరుకు పోతోంది. సీజన్లో నువ్విలాంటివి లేవదీసి మిగతావాళ్లని భయపెడితే యు ఆర్ జెపర్డైజింగ్ ద బిజినెస్. అర్థమైందా?"

దీవెన తల ఊపింది.

అర్థం కాలేదు. ఇంటరు మొదటి ఏడు సగంలో పెళ్లి కుదిరినప్పుడు ఆగిపోయిన ఇంగ్లీషు అది. 'బిజినెస్' తెలిసింది, 'యు' తెలిసింది, మధ్యలో ఉన్నదేమిటో తెలియలేదు. తెలియకుండానే తల ఊపినందుకు మెడ వెనక వేడెక్కింది. మాట పోకుండా పెదవుల మధ్యే పట్టుకుని మెట్లెక్కింది. జెపర్డైజ్. జెపర్డైజ్.

"ఏమన్నాడే?" అని అడిగింది మణెమ్మ.

"జెపర్డైజ్ అన్నాడు."

"అదేంటి? జబ్బా?"

"తెలీదక్కా."

"తిట్టేమో," అంది ఇంకొకామె.

"చిన్న సారు తిట్టడు," అంది సంపూర్ణమ్మ. "ఇంగ్లీషులో అన్నాడంటే ఇంక అడగమాకని. నే చెప్పలా?"

సాయంత్రం కృష్ణలంక వెళ్లే సిటీ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి, కండక్టరు టికెట్ అడిగినప్పుడు కూడా దీవెన ముందు ఆ మాటే అనబోయి ఆగింది.

*

"గురువారం నా వంతమ్మా," అంది కీర్తన గిన్నె ముందు కూర్చుని. మూడో తరగతి. వాళ్ల స్కూల్లో ప్రార్థన అయ్యాక రోజుకొకళ్లు మైకు ముందుకొచ్చి ఒక ఇంగ్లీషు మాట, దాని అర్థం, దాన్ని వాడే వాక్యం ఒకటి చెప్పాలి. "మాట మనమే తీసుకెళ్లాలంట. సాత్విక్ 'బ్యూటిఫుల్' చెప్తే అందరూ నవ్వారు. పెద్ద మాట కావాలి."

"జెపర్డైజ్ చెప్పు."

కీర్తన ముద్ద నోటి దగ్గర ఆపేసింది. "నీకెట్టా తెలుసు?"

"తెలుసులే. అర్థమే తెలీదు."

ఫోను దగ్గర పెట్టుకుని ఇద్దరూ మార్చి మార్చి ఆ మాట పలికారు. ఫోను ముందు ఏదో ఊరు చూపించింది, తర్వాత ఏదో ఆట చూపించింది, ఆఖరికి దారికొచ్చింది. 'ప్రమాదంలో పడవేయు' అని తెలుగులో వచ్చింది.

"పడేయడమంటే తోసెయ్యడమా?"

"ఏమో. మీ టీచర్ని అడుగు."

బుధవారం సాయంత్రం కీర్తన పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. "తోసెయ్యడం కాదంటమ్మా. మన దగ్గర మంచిదేదో ఉంటది కదా, దాన్ని పోగొట్టుకునేట్టు చేసుకోవడమంట. ఇంకా పోదంట. కానీ పోవచ్చంట. చిన్నచిన్న వాటికి వాడరంట. ఉద్యోగం, ఆరోగ్యం, పేరు, ప్రాణం, అట్టాంటివాటికే వాడతారంట."

"పెన్సిలుకి?"

"వాడరు. నేనూ అడిగా."

తల్లీ కూతుళ్లు దీపం కింద వాక్యాలు కట్టడానికి కూర్చున్నారు. కీర్తన చెప్పిన మొదటి వాక్యంలో పిల్లి టిఫిన్ బాక్సును జెపర్డైజ్ చేసింది. రెండో వాక్యంలో వాన క్రికెట్ మ్యాచ్‌ను చేసింది. దీవెన బియ్యంలో రాళ్లు ఏరుతూ వింటోంది. ఆవిడకి నిన్నటి మాట అప్పుడు విడివడింది. వ్యాపారాన్ని ప్రమాదంలో పెడుతున్నావ్. తను. తలుపు తీయమన్నందుకు. పిల్లని చూసి నవ్వుతున్న ముఖం అలాగే ఉండిపోయింది గానీ చేతిలోని చేట కదలడం ఆగింది.

యేసుబాబు అప్పుడే వచ్చాడు. పామర్రులో సరుకు దించి వచ్చాడేమో, ఒళ్లంతా ధూళి. కూతురి దగ్గర సంగతి విని పెద్దగా నవ్వాడు. "ఆ మాటకి మీ అమ్మని మించిన మనిషి లేదు. మొన్న నేను స్టూలెక్కి బల్బు మారుస్తుంటే ప్రార్థన చేసింది."

"స్టూలు కాలు ఊగుతోందండీ."

"ఊగింది, నేను పళ్లేదుగా?"

దీవెన తాళం సంగతి చెప్పింది. యేసుబాబు నవ్వు ఆపి, చెంబు నీళ్లు తాగాడు. "అంత భయంగా ఉంటే మానేసెయ్. ఇంకో షాపు చూద్దాం. వాళ్లతో తగువెందుకు?"

"నేను మానేస్తే తలుపు తెరుస్తారా?"

"తెరవరు."

"మిగతావాళ్లు?"

చొక్కా విప్పి దులపడానికి బయటికి వెళ్లాడు. కీర్తన పెన్సిలు నములుతూ తల్లి వంక చూసింది. "అమ్మా, మీ తలుపు మీద చెప్పనా వాక్యం?"

*

గురువారం దీవెనకి పొద్దున్నుంచీ పాప మీదే ధ్యాస. మైకు ముందు పిల్ల తడబడుతుందేమో, నవ్వుతారేమో. గాజుల డజను కట్టినప్పుడల్లా లోపల ఆ వాక్యం పలుకుతోంది. సాయంత్రం బస్సు దిగి వీధి మొగలోకి వచ్చేసరికి కీర్తన ఎదురొచ్చేసింది.

"చప్పట్లు కొట్టారమ్మా! అయిదో తరగతి వాళ్లు కూడా!"

"ఏదీ, చెప్పు మళ్లీ."

కీర్తన వీధి మధ్యలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "ఎ లాక్డ్ డోర్ జెపర్డైజెస్ మై మదర్స్ లైఫ్."

అరుగు మీద కూర్చున్న ముసలాయన తలెత్తి చూశాడు. దీవెనకి ఒళ్లంతా పొంగింది. తన పిల్ల, తన కడుపున పుట్టిన పిల్ల, అంత పొడుగు మాట ఎక్కడా తగలకుండా పలికింది. దగ్గరికి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టుకుంది.

"హెడ్ మేడమ్ ఒకటి అడిగారమ్మా."

"ఏమడిగారు?"

"ఇది నిజమా, వాక్యం కోసం చెప్పావా అని."

"నువ్వేమన్నావ్?"

"వాక్యమే మేడమ్ అన్నాను." కీర్తన తల పైకెత్తి చూసింది. "నిజమైతే మరి నువ్వు అక్కడికి వెళ్లవు కదా. కరెక్టేనా అమ్మా?"

పిల్ల జడ ఊడి ఉంటే దీవెన వీధిలోనే విప్పి మళ్లీ అల్లింది. మూడు పాయలూ అల్లి, రబ్బరు బ్యాండు వేసి, ఊడుతుందేమోనని లాగి చూసింది.

*

శుక్రవారం దీవెన మెట్ల దగ్గర పెట్టెలు జరపలేదు. షాపు ముందు, షట్టరు పక్కన, గుమ్మానికి అడ్డం లేకుండా అట్ట ముక్క పరుచుకుని కూర్చుంది.

"ఏమే, ఒంట్లో బాలేదా?" అంది సంపూర్ణమ్మ ఆగి.

"బాగానే ఉన్నా పిన్నీ. నా వాటా గాజులు కిందికి పంపించు. ఇక్కడే కడతాను."

"ఇక్కడ? రోడ్డు మీద?"

"తలుపు తాళం తీసేదాకా పైకి ఎక్కను."

సంపూర్ణమ్మ ముఖం బిగుసుకుంది. "నిన్ను చూసి మా అందర్నీ దొంగలనుకుంటారే."

"నా సంచీ ఇదుగో. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూసుకోమను. సంచీ చూస్తే నాకు బాధ లేదు. తాళం వేస్తేనే."

ఆవిడ ఏదో గొణుక్కుంటూ పైకి వెళ్లిపోయింది. కానీ కాసేపటికి మూటలెత్తే లాజరు గాజుల బుట్ట ఒకటి తెచ్చి దీవెన ముందు పెట్టాడు. దాని మీద దారం కండె కూడా ఉంది. దీవెన కొంగు బిగించి పనిలో పడింది. మొదటి డజను చెవి దగ్గర ఆడిస్తే గాజుల మోత ఎక్కువైంది. చేతి వణుకు వల్లో, గాజులో పగులుందో తెలియలేదు. విప్పి మళ్లీ చూసింది. గాజులు బాగానే ఉన్నాయి.

ఆటోలు, స్కూటర్లు, బస్సులు ఆవిడ మోకాళ్లకి మూరెడు దూరంలో పోతున్నాయి. సరుకు కోసం వచ్చిన గుడివాడ కొట్టావిడ చెప్పులు విప్పుతూ ఆగింది. "ఏమ్మా, ఎప్పుడూ పైన ఉంటావుగా?"

"పైన వెనక తలుపుకి తాళం వేశారండీ. ముందు మెట్ల నిండా పెట్టెలండీ. నాకు భయమండీ."

ఇంత సూటిగా ఎవరికీ చెప్పలేదు ఎప్పుడూ. ఆ కొట్టావిడ ముక్కు మీద వేలేసుకుని, లోపలికి వెళ్లి మెట్ల వైపు తొంగి చూసింది. బేరం మధ్యలో పవన్‌కుమార్‌ని అడిగినట్టుంది, ఆయన చెవులు ఎర్రబడి బయటికి వచ్చాడు.

"దీవెనా, ఏంటిది? జనం ముందు ఏంటిది? మొన్నే చెప్పాను నీకు, నువ్వు బిజినెస్‌ని..."

"జెపర్డైజ్ అన్నారండీ." దీవెన లేచి నిలబడింది. గాజులు ఒళ్లోంచి జారకుండా కొంగులో పట్టుకుంది. "అప్పుడు తెలీక తలూపానండీ. మా పాప నిన్న స్కూల్లో ఆ మాట చెప్పిందండీ. బిజినెస్‌కీ వాడతారంట, మనుషుల ప్రాణానికీ వాడతారంటండీ."

పవన్‌కుమార్ ముఖంలో కోపం కన్నా తత్తరపాటు ఎక్కువ కనిపించింది. తర్వాత జేబులో తాళాల గుత్తి సర్దుకుంటూ, "సరే. పైకి వెళ్లవు కదా? ఈ బుట్ట పూర్తి చేసి ఇంటికెళ్లు. రేపట్నుంచి రావక్కర్లేదు," అని, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు బండి తీశాడు.

దీవెన కూర్చుంది. ఎండ షట్టరు అంచు దాటి ఒళ్లోకి వచ్చింది. అయిపోయింది అనుకుంది. పనిపోయింది. ఇంటికెళ్లి యేసుబాబుకి చెప్పాలి, సీజను మధ్యలో ఇంకో షాపు వాళ్లు తీసుకోవాలి. ఆ భయాలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. కానీ వాటి పక్కన ఎన్నడూ లేనిదొకటి, వెన్నులో నిటారుగా, నిలబడి ఉంది. బుట్టలో మిగిలిన గాజుల్ని డజన్లుగా విడదీసింది. పోయేది పోయినా పని సగంలో వదలకూడదనుకుంది.

*

ప్రతి శుక్రవారం రామకోటేశ్వరరావుగారు షాపుకి సాంబ్రాణి వేయించుకోవడానికి వస్తారు. వేయించుకోవడమేమిటి, ఆయనే వేస్తారు. భారీ మనిషి, మోకాళ్లు నొప్పులు, అయినా దసరా నెలలో ఆ పని ఇంకొకళ్లకివ్వరు. పిడి ఉన్న ఇత్తడి ధూపం గిన్నెలో కణకణలాడే బొగ్గులు వేసుకుని, సాంబ్రాణి చల్లుకుంటూ, గల్లాపెట్టె నుంచి గోడల మూలల దాకా పొగ చూపిస్తారు. ఆ రోజు గుమ్మం దగ్గర కూర్చున్న దీవెనని చూసి, "ఎండలో ఎందుకమ్మా," అని మాత్రం అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లారు.

"పైకి కూడా చూపించొస్తా," అన్న గొంతు వినిపించింది. ఎవరో వద్దండీ అన్నారు. ఆయన వినలేదు.

అప్పుడే లారీ నుంచి లాజరు, ఇంకొక కూలీ పెద్ద పెద్ద మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చి, మెట్ల మీద ఎవరున్నారో చూడకుండా ఎక్కేశారు. దడదడమని చప్పుడైంది. తర్వాత పైనుంచి సంపూర్ణమ్మ కేక. "అయ్యగారూ! కదలొద్దండీ, నిప్పులు!"

దీవెన ఒళ్లో గాజులు అట్ట మీద గుమ్మరించి లేచింది.

మెట్ల మలుపులో ఆయన ఇరుక్కుపోయారు. ఒంటిని పక్కకు తిప్పడం ఆయనకి చేతకాలేదు. వెనక పేర్పు మీద పై రెండు పెట్టెలూ జారి నడుముకి అడ్డం పడ్డాయి. కింద మూటలతో లాజరు వాళ్లు. గిన్నె ఎత్తి పట్టుకున్న ఆయన చెయ్యి వణుకుతోంది. పొగ ఎటూ పోలేక అక్కడే ముసురుకుంటోంది. పైన ఆడవాళ్లు వెనక తలుపు వైపు పరుగెత్తిన అడుగుల చప్పుడు, ఆ వెంటనే ఇనుము ఇనుముకు కొట్టుకున్న చప్పుడు, మళ్లీ మళ్లీ.

ఇన్నాళ్లూ కళ్లముందు కనిపించిన బొమ్మే ఇది. ఇలా జరుగుతుందని ఆవిడ ఎన్నిసార్లు చూసిందంటే, ఏం చేయాలో కూడా అందులోనే చూసేసింది.

"లాజరన్నా, మూట దించు. అక్కడ కాదు, వెనక్కి దిగి షాపులో దించు. మీరు కూడా అన్నా. దారి ఖాళీ చెయ్యండి."

లాజరు ఆ గొంతుకి మారు మాట్లాడకుండా వెనక్కి దిగాడు. దీవెన మజ్జిగ సీసా ఉన్న టిఫిన్ సంచీ అందుకుని పక్కకు తిరిగి మెట్లెక్కింది. రోజూ పెట్టెలు జరిపి జరిపి ఏ పేర్పు ఎటు ఒరుగుతుందో చేతులకి తెలుసు. మోచేత్తో ఒకటి ఆపి, రెండోదాని కిందనుంచి దూరి, ఆయన నడుము దగ్గరికి చేరింది.

"గిన్నె నాకివ్వండి అయ్యగారూ."

"కాలుద్దమ్మా..."

"ఇవ్వండి."

కొంగు రెండు మడతలు చేసి పిడి పట్టుకుంది. అందుకుంటున్నప్పుడు బొగ్గు ఒకటి జారి పెట్టె మీది టేపు మీద పడింది. ప్లాస్టిక్ కాలిన వాసన. గోధుమరంగు మచ్చ ఒకటి నాణెమంత, చూస్తుండగానే అరచేతంత అయింది. ఆవిడ గిన్నె వెనక్కి, మూట దించి వెనకే ఎక్కి వచ్చిన లాజరు చేతికి అందించి, సంచీలోంచి సీసా తీసి, మూత పళ్లతో ఊడబీకి, మజ్జిగంతా ఆ పెట్టె మీద పోసేసింది. బుస్సుమని ఆవిరి లేచింది. మజ్జిగ పెట్టె అంచుల నుంచి కారి, అయ్యగారి పంచె మీద, ఆవిడ కాళ్ల మీద పడింది.

దీవెన పై పెట్టె అందుకుని కిందికి ఇచ్చింది. లాజరు అందుకున్నాడు. పైనుంచి సంపూర్ణమ్మ ఒకటి అందించింది, మణెమ్మ ఒకటి. చేతి నుంచి చేతికి పెట్టెలు దిగుతూ వెళ్లాయి. మలుపు దగ్గర గోడ అడుగుదాకా కనిపించింది. ఇన్నాళ్లకి ఆ గోడ కింది సగం ఆకుపచ్చ రంగని తెలిసింది.

రామకోటేశ్వరరావుగారు మెట్టు మీద కూర్చుండిపోయారు. ఊపిరి తిరిగాక తలెత్తారు. "పైన వెనక తలుపుండాలిగా?"

"ఉందండీ."

"మరి వీళ్లంతా పైనెందుకు అరుస్తున్నారు?"

దీవెన చెప్పింది. "సోమవారం నుంచి తాళమండీ. బయటనుంచి."

ఆయన మజ్జిగ తడిసిన పంచె వైపు చూసుకున్నారు. పెట్టె మీద నల్లగా మాడిన మచ్చ వేలితో తాకి, ఆ వేలు చూసుకున్నారు. తర్వాత జేబులోంచి ఫోను తీశారు. "ఏరా, తాళంచెవి పట్టుకుని రా... తర్వాత కాదు. ఇప్పుడే. నేను మెట్ల మీదున్నాను."

*

పవన్‌కుమార్ సందులోంచి ఎక్కి వచ్చి తలుపు తీశాడు. గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి కవర్లన్నీ గది నిండా ఎగరేసింది. ఆయన తీసిన తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గదిలో ఆడవాళ్లంతా ఒకేవైపు నిలబడి ఆయన్నే చూస్తున్నారు.

"దాన్ని ఇంట్లో బీరువాకి వేసుకో," అన్నారు తండ్రి లోపలి గుమ్మం నుంచి. "మెట్ల మీద ఇక ఒక్క పెట్టె కూడా కనపడకూడదు. సరుకు పోతే నన్నడుగు, ఆడపిల్లల్ని కాదు."

పెద్దాయన దిగి వెళ్లాక పవన్‌కుమార్ దీవెన దగ్గరికి వచ్చాడు. ఆవిడ తడిసిన కుచ్చెళ్లు పిండుకుంటోంది.

"పొద్దున అన్నది మనసులో పెట్టుకోకు. రేపు మామూలుగా రా."

"వస్తానండీ." కుచ్చెళ్లు వదిలి నిటారుగా నిలబడింది. "మళ్లీ తాళం పడితే మళ్లీ కిందే కూర్చుంటానండీ."

ఆయన చూశాడు. ఆవిడ కళ్లు దించలేదు.

"సరే," అన్నాడాయన చివరికి. "పడదులే."

ఆయన వెళ్లాక సంపూర్ణమ్మ గాజుల బుట్ట కింద నుంచి తెప్పించి, దీవెన చాప తీసుకెళ్లి తలుపు పక్కన, గాలి తగిలేచోట పరిచింది. అక్కడ ఇన్నేళ్లూ ఆవిడే కూర్చునేది. "ఇక్కడ కూర్చో," అంది, ఇంకేదో అనబోయి ఆగి, "పిరికిదానా," అని ముఖం తిప్పుకుంది. మణెమ్మ నవ్వేసింది.

దీవెన వెంటనే కూర్చోలేదు. గుమ్మం దాటి ఇనప మెట్ల మీద కాలు పెట్టింది. ఎండకి కడ్డీ వేడిగా ఉంది. ఒక్కో మెట్టూ పాదం పూర్తిగా ఆనించి, తొందర లేకుండా, చివరిదాకా దిగింది. సందులో కుళాయి కారుతోంది. ఎవరిదో స్కూటరు గోడకి ఆనించి ఉంది. నేల మీద నిలబడి ఒకసారి పైకి చూసింది. తెరిచిన తలుపులో ముఖాలన్నీ వంగి చూస్తున్నాయి.

"ఎక్కడికే?" అని కేకేసింది సంపూర్ణమ్మ.

"ఎక్కడికీ లేదు పిన్నీ," అని, దీవెన మళ్లీ పైకి ఎక్కడం మొదలుపెట్టింది.